‘జ్ఞా’ చేసిన నేరమేమిటి?



2018వ సంవత్సరం ఫిబ్రవరి నెల నడిమి రోజులలో మన తెలుగు అక్షరమొకటి దేశదేశాల వార్తలకెక్కింది. కీర్తి వలన కాదు, అపకీర్తి వలన. ఆ ఒక్క అక్షరం సందేశంగా వచ్చి చేరితే చాలు, వేలకు వేలు పోసి కొన్న ఐఫోను నిలువునా కూలిపోతున్నదని పత్రికలు వ్రాశాయి. బాంబుతో పోల్చినవారూ ఉన్నారు. ఆ అక్షరం మరేదో కాదు, ‘జ్ఞా’. జ్ఞానమనే మాటకు ముఖద్వారమైన అక్షరం!

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలచేత ఆ అక్షరాన్ని దిద్దించినవాణ్ణి నేను. జకారానికి ఞకారం ఒత్తుగా వచ్చినదనీ, పలుకుబడిలో ‘గ్న’ అని వినబడినా వ్రాతలో జకారమే మొదటిదనీ ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. అటువంటి అక్షరం మీద నేరం మోపితే తెలుగు పండితుడు ఊరకుండడం భావ్యం కాదు కదా! కనుక విచారణ జరపవలసిందే. ఈ వ్యాసం ఆ విచారణయే. అయితే విచారణ సాగేకొద్దీ అది అక్షరాన్ని దాటి, మనుషుల పేర్లదాకా వెళ్ళింది. ఆ సంగతి చివర చెబుతాను.

ముందుగా జరిగినది జరిగినట్లు చెప్పుకుందాం. యాపిల్ సంస్థవారి ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోనులలో ఈ దోషం బయటపడింది. అదే సంస్థ తయారుచేసే మాక్ కంప్యూటర్లు, చేతిగడియారాలు, టీవీ పెట్టెలు కూడా దీనికి అతీతం కాదు. సందేశాలు చూపే అనువర్తనం ఆ అక్షరాన్ని తెరమీద గీయబోయి ఆగిపోయేది. మళ్ళీ తెరిస్తే అదే అక్షరం ఎదురై మళ్ళీ ఆగిపోయేది. వాట్సాప్, జీమెయిల్, ఫేస్‌బుక్ మెసెంజర్ వంటివి కూడా తప్పించుకోలేదు. అదే అక్షరం నోటిఫికేషన్ రూపంలో వస్తే ఫోను మొత్తానికే మూర్ఛ వచ్చేది. ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 విడుదలచేసి దోషాన్ని సరిదిద్దారు. ఆ సవరణతోపాటు సంస్థవారిచ్చిన వివరణ చాలా చిన్నది. దాని సారం ఇది: అక్షరాలను తెరపై కూర్చే ‘కోర్‌టెక్స్ట్’ అనే భాగానికి, పనిగట్టుకొని కూర్చిన అక్షరవరుస అందితే జ్ఞాపకస్థలం చెడిపోయే అవకాశమున్నది, వచ్చిన దానిని మరింత బాగా పరీక్షించే ఏర్పాటుతో దీనిని సరిచేశాము. ‘పరీక్షించే ఏర్పాటు’ అన్న మాటను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. ఈ కథకంతటికీ కీలకం అదే.

ఇక ముద్దాయి సంగతి. ఆ రోజులలో ‘జ్ఞానం’ అని మామూలుగా టైపు చేసి పంపిన సందేశం ఏ ఫోనునూ కూల్చలేదు. ఇది చాలా పత్రికలు చెప్పని విషయం.

యూనికోడ్‌లో తెలుగు లిపికి 3072 మొదలు 3199 వరకు 128 గదులు కేటాయించారు. జకారం 3100వ గదిలోను, ఞకారం 3102వ గదిలోను, దీర్ఘం 3134వ గదిలోను, పొల్లు 3149వ గదిలోను ఉంటాయి. ‘జ్ఞా’ వ్రాయాలంటే జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు వరుసగా చాలు. కాని ఫోనులను కూల్చిన వరుసలో ఉన్నవి నాలుగు కావు, ఐదు. ఞకారానికీ దీర్ఘానికీ నడుమ 8204 అనే సంఖ్య గల కనబడని సంకేతమొకటి చేరి ఉన్నది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. మన భాషలో చెప్పాలంటే వెడల్పు లేనిది, పక్కవారిని కలవనీయనిది.

ఈ అదృశ్యజీవి స్వభావతః దుష్టుడు కాడు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటనే చూడండి. టకారపు పొల్లు తరువాత వకారం ఒత్తై క్రిందికి దిగిపోకుండా విడిగా నిలబడాలంటే నడుమ ఈ గుర్తు ఉండాలి. పొల్లు తరువాత దాని స్థానం సక్రమమే. హల్లుకూ దాని గుణింతపు గుర్తుకూ నడుమ మాత్రం మన వ్రాతలో దానికి పనిలేదు. పనిలేదు కాని నిషేధమూ లేదు. యూనికోడ్‌లో ఏ సంకేతం తరువాత ఏ సంకేతమైనా రావచ్చు. వ్రేలు జారి రావచ్చు, ఒకచోటి నుంచి మరొకచోటికి అతికించినప్పుడు రావచ్చు, కొంటెతనంగా కూడా రావచ్చు.

మరొక ముఖ్యసాక్ష్యం. మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీరు ఆ ఫిబ్రవరిలోనే ఈ వరుసను విప్పి పరిశీలించి, దోషం తెలుగుకు పరిమితం కాదని చూపించాడు. హల్లు, పొల్లు, మరొక హల్లు, అదృశ్యసంకేతం, అచ్చుగుర్తు అనే క్రమం ఉంటే దేవనాగరిలోను, బెంగాలీలోను కూడా కొన్ని అక్షరాలకు ఇదే గతి. తెలుగులో ఒత్తులన్నీ ఈ క్రమానికి లోబడతాయి; ఐత్వపు గుర్తు మాత్రం రెండు ముక్కలుగా గీయబడుతుంది గనుక దానికి మినహాయింపు. సూత్రము, అపవాదము రెండూ దొరికిన తరువాత వ్యాకరణం చదివినవానికి సందేహమేముంటుంది? నేరం అక్షరానిది కాదు, గీసేవానిది.

గీసేవాడు ఎవరు? ఇక్కడ నాకు మా ఊరి కుర్రవాడొకడు గురువయ్యాడు. మా బేతంచెర్లలో బండల మిల్లులో పనిచేసిన కార్మికుని కుమారుడు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులలో నా దగ్గర తెలుగు చదివి, ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మద్దిలేటి స్వామి దర్శనానికి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి కాసేపు కూర్చుని వెళతాడు. ఒకసారి నేనే అడిగాను.

“నాయనా, మీ పనిలో లైబ్రరీ అంటారు, ఫంక్షన్ అంటారు, ఆర్గ్యుమెంట్ అంటారు. మన ఊళ్ళో ఫంక్షన్ అంటే పెండ్లో సీమంతమో. ఆర్గ్యుమెంట్ అంటే ఆ పెండ్లిలో వియ్యంకులు పెట్టుకొనేది. మీకు వీటి అర్థమేమిటి?”

వాడు నవ్వి, “సార్, మీరు చెప్పిన సంధిపాఠమే అది” అన్నాడు. “సంధి ఒక కార్యం అని చెప్పేవారు కదా. రెండు పదాలు ఇస్తే ఒక పదం వస్తుంది. ‘రాముడు’, ‘అతడు’ ఇస్తే ‘రాముడతడు’. ఆ కార్యమే ఫంక్షన్. ఇచ్చిన పదాలు ఆర్గ్యుమెంట్లు. అందరికీ పనికివచ్చే కార్యాలను ముందే తయారుచేసి ఒకచోట పెడితే అది లైబ్రరీ.”

ఇంత చక్కగా నేను కూడా చెప్పలేను. తరువాత వాడే ఒక ప్రశ్న వేశాడు: “మరి సార్, సంధికార్యానికి రెండు పదాలు కాకుండా ఒక పదమూ ఒక బండరాయీ ఇస్తే ఏమవుతుంది?”

“ఏమవుతుందిరా, తెలివితక్కువవాడా అంటాను.”

“మీరంటారు సార్. సీ భాష అనదు.”

సీ భాషను 1970ల తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో డెనిస్ రిచీ అనే ఆయన రూపొందించాడు. 1989లో దానికి ప్రామాణిక గ్రంథం వచ్చింది. నేటికీ ఫోనులు, కంప్యూటర్ల లోపలి పొరలు చాలావరకు ఆ భాషలోనో, దాని సంతతి భాషలలోనో వ్రాసినవే. ఆ ప్రామాణికంలో లైబ్రరీ కార్యాలన్నిటికీ వర్తించే ఒక పరిభాషాసూత్రం ఉన్నది. కార్యానికి అందించిన ఆర్గ్యుమెంటు చెల్లనిదైతే, వేరుగా చెప్పినచోట తప్ప, ఏమి జరుగునో నిర్వచింపబడలేదు అని దాని తాత్పర్యం. తప్పని చెప్పాలన్న నియమం లేదు. ఆగిపోవాలన్న నియమం లేదు. సరియైన జవాబు రాకూడదన్న నియమం కూడా లేదు. ఏమైనా కావచ్చు. దీనినే వారు ‘అన్‌డిఫైన్డ్ బిహేవియర్’ అంటారు. ‘అనిర్వచిత ప్రవర్తన’ అనుకుందాం.

అద్వైతులు మాయను అనిర్వచనీయమన్నారు. అంటే నిర్వచింప శక్యం కానిది. సీ భాషవారిది అనిర్వచనీయం కాదు, అనిర్వచితం మాత్రమే. నిర్వచింపదగినదే, బుద్ధిపూర్వకంగా నిర్వచింపక విడిచినది. ఈ భేదం చిన్నది కాదు.

ఉదాహరణకు ‘ఆబ్స్’ అనే కార్యం ఉన్నది. సంఖ్యకున్న ఋణచిహ్నాన్ని తొలగించడం దాని పని. -5 ఇస్తే 5 వస్తుంది. ఇంతకంటె నిరపాయమైన పని ఏముంటుంది? కాని 32 బిట్ల పూర్ణసంఖ్యలలో మిక్కిలి చిన్నది -2147483648 అయితే, మిక్కిలి పెద్దది 2147483647 మాత్రమే. ఆ చిన్నసంఖ్యను ఇస్తే రావలసిన జవాబుకు కూర్చొనేందుకు పీట లేదు. అప్పుడేమవుతుంది? అనిర్వచితం. అదే వర్గమూలం కనుగొనే కార్యానికి -1 ఇచ్చి చూడండి. అదీ చెల్లని ఆర్గ్యుమెంటే. అయినా దానికి ప్రామాణికం దారి చూపింది: ఇది నా పరిధిలోనిది కాదని తెలిపే ఏర్పాటు ఉన్నది, నేటి యంత్రాలు సాధారణంగా ‘ఇది సంఖ్య కాదు’ అనే ప్రత్యేకమైన విలువను తిరిగి ఇస్తాయి. లినక్స్‌లో కూడా అనేక కార్యాలు చెల్లని ఆర్గ్యుమెంటు అందితే 22 అనే తప్పుసంఖ్యను తెలిపి గౌరవంగా తిరస్కరిస్తాయి. చెల్లనిది రావడం వేరు, వచ్చినప్పుడు ఏమి చేయాలో తెలియకపోవడం వేరు. మొదటిది లోకసహజం. రెండవదే అసలు వ్యాధి.

మా శిష్యుడు తరువాత చెప్పినది విని నేను నిజంగా నిర్ఘాంతపోయాను. ‘ఇజ్‌ఆల్ఫా’ అని మరొక కార్యమున్నదట. ఇచ్చినది అక్షరమా, కాదా అని చెప్పడం దాని పని. అది -1 గాని, 0 మొదలు 255 లోపలి సంఖ్య గాని మాత్రమే స్వీకరిస్తుంది. మన తెలుగు సంకేతాన్ని నేడు దాదాపు అన్నిచోట్లా మూడు బైట్లుగా నిలువచేస్తారు. జకారమైతే 224, 176, 156. బాగానే ఉన్నది కదా, అన్నీ 255 లోపలివే అనుకుంటాము. కాని చాలా కంప్యూటర్లలో సీ భాషలోని ‘క్యారెక్టర్’ రకం ఋణసంఖ్యలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందువలన ఆ మూడు బైట్లు -32, -80, -100గా కనబడతాయి. వ్రాసేవాడు ముందుగా వాటిని ధనసంఖ్యలుగా మార్చకుండా అలాగే అందించాడా, అంతే! అది అనిర్వచిత ప్రవర్తన. కొన్ని లైబ్రరీలు ఈ పొరపాటును ముందే ఊహించి తమ పట్టికను ఋణసంఖ్యల వైపు కూడా పొడిగించుకున్నాయి. మరికొన్ని పరీక్షాదశలో గట్టిగా కేకపెట్టి ఆగిపోతాయి. ఏ రక్షణా లేనిచోట ఆ కార్యం తన పట్టిక అంచు దాటి, ఎవరిదో జ్ఞాపకస్థలంలోకి తొంగిచూసి, అక్కడ కనబడినదే జవాబని చెబుతుంది.

అంటే, “ఇది అక్షరమా?” అని అడిగితే ఇంగ్లీషు అక్షరానికి నిర్వచితమైన జవాబు, తెలుగు అక్షరానికి అనిర్వచితం! దురుద్దేశంతో ఎవరూ చేసినది కాదు. ఆ కార్యాలు పుట్టిన కాలంలో వారి లెక్కకు అక్షరమంటే 128 గుర్తులలో ఇమిడిపోయేది. వారి పెరటిలో మన చెట్టు లేదు. కాని పెరటికి వేసిన కంచె ఈనాటికీ అక్కడే ఉన్నది.

“పోనీ, ఏదో ఒకటి నిర్వచించి ఉంచవచ్చు కదా?” అని అడిగాను. వాడు చెప్పిన కారణాలు రెండు. ఒకటి వేగం. క్షణానికి కోట్లసార్లు పిలిచే కార్యం పిలిచినప్పుడల్లా తనిఖీ చేస్తే ఆలస్యమవుతుంది. రెండు, యంత్రభేదం. ఒకే తప్పుకు ఒక యంత్రంలో ఒకటి, మరొక యంత్రంలో మరొకటి జరుగుతుంది. అన్నిటినీ ఒకే సూత్రంలో బంధించడం కష్టం. కనుక, “సరియైనది ఇచ్చే బాధ్యత పిలిచేవానిదే” అని నిర్ణయించారు.

ఈ నిర్ణయానికి ఫలితమెలా ఉంటుందో 2010లో లినక్స్ వాడేవారికి తెలిసింది. జ్ఞాపకస్థలంలో ఒకచోటి సమాచారాన్ని మరొకచోటికి నకలుచేసే ‘మెమ్‌కాపీ’ అనే కార్యమున్నది. ఆ రెండు చోట్లు ఒకదానిపై ఒకటి పడి ఉండరాదని దాని నిబంధన. పడి ఉంటే వాడవలసినది ‘మెమ్‌మూవ్’ అనే మరొక కార్యం. ఈ నిబంధనను మీరినా చాలాకాలం పని జరిగిపోయింది. ఎందుకంటే నకలు ముందునుంచి వెనుకకు సాగేది. ఆ ఏడు వేగం కోసం కొన్ని ప్రాసెసర్ల మీద నకలును వెనుకనుంచి ముందుకు జరిగేలా మార్చారు. అంతటితో ఫెడోరా 14లో అడోబీ ఫ్లాష్ ద్వారా వినే పాటలు గరగరలాడటం మొదలుపెట్టాయి. లైబ్రరీవారు నిబంధన చూపించారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం వాడుకరుల పక్షాన నిలిచి వాదించాడు. పాట వినేవానికి నిబంధనతో పనేమిటి? వాని పాట చెడిపోయింది, అంతే.

ఇంతకంటె విచిత్రం 2009లో బయటపడింది. లినక్స్‌లో ఒకచోట, చిరునామా శూన్యమా కాదా అని తనిఖీ చేయకముందే దానిని వాడేశారు. తనిఖీ తరువాతి వాక్యంలో ఉన్నది. శూన్యమైన చిరునామాను వాడటం అనిర్వచితం, కనుక అది జరిగి ఉండదు, కనుక ఈ తనిఖీ అనవసరం అని తర్కించి అనువాదకం తనిఖీనే తీసివేసింది! హేతువు, వ్యాప్తి, నిగమనం అన్నీ సక్రమమే. ఇల్లు మాత్రం దొంగలపాలు.

మన శాస్త్రకారులు ఈ సమస్యను ఎరుగనివారు కారు. వాక్యం అర్థవంతం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కావాలని తార్కికులు చెప్పారు. నిప్పుతో తడుపుము అన్న వాక్యంలో పదాల పొందిక ఉన్నది, సామీప్యమున్నది; తడిపే యోగ్యత నిప్పుకు లేదు. అందుచేత విన్నవానికి అర్థబోధ కలుగదు. వాడు పని మొదలుపెట్టడు. వాక్యం వినగానే ఆగిపోవడం మనిషికున్న గొప్ప రక్షణ. యంత్రానికి ఆ రక్షణ ఎవరో కల్పించాలి. కల్పించకపోతే అది నిప్పు తెచ్చి తడపబోతుంది.

అలాగే శాస్త్రగ్రంథానికి ఆరంభంలోనే అనుబంధచతుష్టయం చెప్పాలన్నారు. ఇది ఎవరికోసం, ఇందులోని విషయమేమిటి, దానికీ గ్రంథానికీ సంబంధమేమిటి, ప్రయోజనమేమిటి. అధికారి ఎవరో చెప్పిన తరువాతనే బోధ. మంచి లైబ్రరీకి ఇచ్చే వివరణపత్రం కూడా ఇదే చేస్తుందని మా శిష్యుడన్నాడు. ఇంతవరకు నా పూచీ, ఇక్కడినుండి నీ పూచీ.

చిన్నయసూరి వ్యాకరణంలో అయితే ఇంకా దగ్గరి పోలిక దొరుకుతుంది. ఉత్వసంధి నిత్యం. ఇత్వసంధి కొన్నిచోట్ల వైకల్పికం. అత్వసంధి బహుళం. బహుళమంటే ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండు విధాలా ఉంటుంది, ఒకచోట మరొకటేదో అవుతుంది. ఆ నాలుగవ ముఖాన్ని చూసి, “సార్, ఇది అన్‌డిఫైన్డ్ బిహేవియరే!” అని మావాడు ఎగిరి గంతేశాడు. నేను ఒప్పుకోలేదు. బహుళానికి వెనుక మహాకవుల ప్రయోగం నిలబడి ఉన్నది. సూత్రం వదలినచోట శిష్టవ్యవహారం చేయిపట్టుకొని నడిపిస్తుంది. అనిర్వచితానికి వెనుక ఎవరున్నారు? ఎవరూ లేరు. దిక్కున్న స్వేచ్ఛ బహుళం, దిక్కులేనిది అనిర్వచితం.

మా ఊరు బండల ఊరు. నేలకు పరిచే బేతంచెర్ల బండలు రాయలసీమ దాటి ఎక్కడెక్కడికో వెళతాయి. అనుభవం గల పనివాడు రాతిని రంపం కిందికి తోసేముందు సుత్తితో తట్టి చెవి పెట్టి వింటాడు. కంగుమంటే మంచిది. బొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నదని పక్కన పెడతాడు. రంపానికి ఆ తెలివి లేదు. చీలిక గల రాయిని అందించినా తిరుగుతూనే ఉంటుంది. ముక్క ఎగిరి ఎవరికి తగులుతుందో రంపం ఎరుగదు. ఆ తట్టి వినడమే తనిఖీ. దానికి పట్టే కాలం రెప్పపాటు. ఆ రెప్పపాటు మిగుల్చుకుందామనుకొనేవాడు మిల్లు నడపడానికి తగినవాడు కాడు.

ఇప్పుడు మొదట చెప్పిన మనుషుల పేర్ల సంగతి. కొన్నేళ్ళ కిందట మా వీధి చివర ఉండే ఒక వృద్ధుడు కాగితాలు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. జీవితమంతా గనులలో రాళ్ళు కొట్టినవాడు. చదువు రాదు. నెలనెలా అందవలసిన సహాయం నాలుగు నెలలుగా ఆగిపోయింది. ఏ కార్యాలయమన్నది అనవసరం. ఆయన చేతిలోని కాగితం చూశాను. ఊరు ఉన్నది, వయస్సు ఉన్నది, దరఖాస్తు స్వీకరించడమైనదన్న వాక్యం కూడా ఉన్నది. పేరు ఉండవలసినచోట మాత్రం ఏడు ప్రశ్నార్థకాలు వరుసగా ఉన్నాయి.

నాకు సంగతి తెలియక మా శిష్యునికి ఫోను చేశాను. వాడు వివరించాడు. ఎవరో పేరును తెలుగులో నమోదు చేశారు. దానిని నిలువచేసే చోటు తెలుగు సంకేతాలను పట్టగలిగినది కాదు. పట్టలేని ప్రతి సంకేతానికి బదులు ఒక ప్రశ్నార్థకం పెట్టి, పని అయిపోయిందన్నది. ఇది అనిర్వచితం కూడా కాదట. నిర్వచించినట్లే జరిగిందట!

ఆ వృద్ధుడు నా ముఖం చూసి అడిగిన మాట ఇది: “ఏమి సామీ, నా పేరు తప్పా?”

ఏమి చెప్పాలి? తల్లిదండ్రులు పెట్టిన పేరు, డెబ్బయ్యేళ్ళు పిలిపించుకున్న పేరు, చెల్లని ఆర్గ్యుమెంటు ఎలా అవుతుంది? “నీ పేరు బంగారంలా ఉన్నది, వ్రాసుకొనే పలక చిన్నది” అన్నాను. ఇంగ్లీషు అక్షరాలతో మళ్ళీ దరఖాస్తు పెట్టించాము. కొంతకాలానికి డబ్బు వచ్చింది. పోయిన నాలుగు నెలలకు ఆయన చేసిన అప్పు మాత్రం ఆయనదే.

అప్పటినుండి నాకు ఐఫోను కూలడం గురించి అభిప్రాయం కొంత మారింది. అది కూలింది గనుక లోకమంతా చూసింది. చూసింది గనుక కొద్దిరోజులలోనే సరిచేశారు. ప్రశ్నార్థకాలు చప్పుడు చేయవు. అవి కూలవు. అంతా సవ్యంగా ఉన్నదని కాగితమిచ్చి పంపుతాయి. తిరస్కారానికి కారణం చెబితే సరిదిద్దుకోవచ్చు, కూలిపోతే కేకపెట్టవచ్చు, అంగీకరించినట్లే నటించి పేరును మింగివేస్తే, అక్షరం రాని మనిషి ఎవరితో మొరపెట్టుకోవాలి?

ఇక తీర్పు. తప్పు ఇచ్చినవానిదా, పుచ్చుకున్నవానిదా? నా బుద్ధికి తోచినది చెబుతాను. ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఒకే ఇంటివారై, నిబంధన ఇద్దరికీ తెలిసి ఉంటే, ఇచ్చేవాడే చూసుకోవాలి. ప్రతి గది గుమ్మంలోనూ కాపలా అనవసరం. కాని తలుపు వీధిలోకి తెరిచి ఉంటే, ఎవరో తెలియని వారు ఏదో తెచ్చి ఇచ్చే చోటైతే, చూసుకొనే బాధ్యత తలుపు తెరిచినవానిదే. అక్షరాలను గీస్తానని కూర్చున్నవాడు, “ఏ భాషవారైనా రండి” అని బోర్డు కట్టినవాడు, వచ్చిన వరుస వింతగా ఉన్నదని కూలిపోరాదు. తెలియకపోతే ఒక చుక్కల వలయమో, ఖాళీ పెట్టెయో గీసి ఊరుకోవాలి. సంస్థవారు చివరకు చేసిన సవరణ కూడా తలుపు దగ్గర తనిఖీని మెరుగుపరచడమే. ఆ సవరణయే ‘జ్ఞా’ నిర్దోషి అనడానికి నిదర్శనం.

తరగతి గదిలో కూడా ఇంతే. పిల్లవాడు పాఠానికి సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. “ఇది ఈ పాఠంలోనిది కాదు, రేపు చెప్పుకుందాం” అనేవాడు ఉపాధ్యాయుడు. వినబడనట్లు తల ఊపేవాడు ప్రశ్నార్థకాలు ముద్రించే యంత్రంవంటివాడు. కోపంతో బెత్తం విరిచేవాడు కూలిపోయిన ఫోనువంటివాడు. ప్రశ్న ఒకటే. తేడా అంతా పుచ్చుకొనేవానిలో ఉన్నది.

సాఫ్ట్‌వేర్ రంగంలో మన తెలుగు పిల్లలు దేశంలోనూ విదేశాలలోనూ లక్షలుగా ఉన్నారు. వారికి ఈ పాత పంతులు విన్నపం ఒక్కటే. మీరు వ్రాసిన కార్యాన్ని పరీక్షించేటప్పుడు ఇంగ్లీషు పేర్లతో తృప్తిపడకండి. ఒత్తులూ గుణింతాలూ గల మీ నాయనమ్మ పేరును తెలుగులోనే ఒకసారి అందించి చూడండి. పొల్లు తరువాత ఆ అదృశ్యసంకేతాన్ని ఉంచి చూడండి, ఉండరానిచోట కూడా ఉంచి చూడండి. పేరు పేరుగా తిరిగివస్తే సంతోషం. రాకపోతే, రాలేదని స్పష్టంగా చెప్పించండి. అది చాలు.

స్వస్తి.